రాయినడిగిన గొర్రె

రండి రండి, ముందుకు జరిగి కూర్చోండి. ఆ వెనక గోడకి ఒరిగి నిలబడ్డ పెద్దాయనా, మీరూ రావాలి. చోటు చాలదేమోనని మీ మొహమాటం. చాలుతుందయ్యా, చాలుతుంది. ఇవాళ్టి కథే అది. ఎవరికి ఎంత చోటు పడుతుందో వాళ్లకే తెలియకపోవడం.

మందలు కాచే మల్లన్నకి ఒక దండం. చీమకి చీమంత ఒళ్లు, ఏనుగుకి ఏనుగంత ఒళ్లు, వేలెడు ఎక్కువ తక్కువ కాకుండా కొలిచిచ్చిన ఆ చేతికి ఇంకో దండం. ఇక వినండి.

నల్లగుట్ట వాలులో బీరయ్య అనే గొర్రెల కాపరి రాళ్లు పేర్చి రెండు దొడ్లు కట్టుకున్నాడు. పెద్దది తల్లులకి, చిన్నది పిల్లలకి. పసిపిల్లలు గుట్టలెక్కి మేయలేవు కదా, పగలంతా ఆ చిన్న దొడ్లోనే ఉంటాయి. నిలువెత్తు గోడ, గోడ మీద తుమ్మకంప. సాయంత్రం మంద తిరిగొచ్చాక బీరయ్య తడిక తీస్తాడు. రెండు నిలువు రాళ్ల సందులోంచి తల్లులు ఒక్కొక్కటే లోపలికి పోయి, తమ పిల్లని వాసన పట్టి వెతుక్కుని, పాలిచ్చి రావాలి. వెనక వైపు గోడ అడుగున, వాననీళ్లు పోవడానికి ఒక తూము. ఈ రెండు రాళ్లనీ ఆ తూమునీ గుర్తుపెట్టుకోండి. కథంతా వాటి మధ్యే నడుస్తుంది.

ఆ మందలో మబ్బి అని ఒక నల్లగొర్రె. కిందటి వానాకాలం దాని ఒంటి మీద ఉన్ని జానెడు మందాన పెరిగింది. దానికి తోడు నాలుగు రోజుల ముసురు. తడిసిన గొంగడి ఎంత బరువుంటుందో మీలో కప్పుకున్నవాళ్లకి తెలుసు. ఆ తడిసిన ఉన్నితో మబ్బి రెండు రాళ్ల మధ్య దూరబోయి ఇరుక్కుపోయింది. బీరయ్య ముందునుంచి లాగాడు, బీరయ్య బావమరిది వెనకనుంచి తోశాడు. మంద మంద అంతా నిలబడి చూసింది.

"ఓయబ్బో, గాదెకి కాళ్లొచ్చాయే!" అందొక గొర్రె.

"ఇక నుంచి దీని పేరు మబ్బి కాదర్రా, బండమ్మ!" అందింకొకటి.

నవ్విన వాళ్లు ఆ పూటే మరిచిపోయారు. మబ్బి మరిచిపోలేదు. మాట అన్నవాడికి ఊపిరి ఖర్చు, పడ్డవాడికి నిద్ర ఖర్చు.

దసరా వెళ్లాక బీరయ్య మందనంతా ఏట్లో ఈదించి, కడిగి, కత్తెర పట్టుకుని కూర్చున్నాడు. ఉన్ని అంతా పోయింది. గొర్రెలన్నీ తేలికపడి గంతులేశాయి. మబ్బి మాత్రం బరువుగానే నడిచింది. వెనక్కి తిరిగి చూసుకుందామంటే, గొర్రెకి తన వీపు తనకి కనపడదు. దానికి కనపడేదల్లా ఆ వాన రోజున ఇరుక్కున్న మబ్బే.

అప్పట్నుంచి మూడు నోళ్ల గడ్డి తిని నాలుగోదానికి తల తిప్పేసుకునేది. ఇద్దరు పట్టే దారిలో కూడా ఒళ్లు పక్కకి తిప్పుకుని, కడుపు బిగబట్టి, ఏటవాలుగా నడిచేది. మాఘమాసంలో ఈనింది. పిల్లాడి పేరు చిక్కుడు. పేరుకి తగ్గట్టే చిక్కుడుకాయంత. తల్లి తింటేగా పొదుగులో పాలుండేది! రెండు గుక్కలకే ఆరిపోయేది.

"అమ్మా, ఇంకా?" అనేవాడు చిక్కుడు.

"రేపు, నా తండ్రీ. రేపు కడుపునిండా" అనేది మబ్బి. ఆ రేపు నెల రోజులైనా రాలేదు. వాడి ఈడు పిల్లలు గోడ మీదికి ఎగరబోతుంటే వీడు గోడ నీడన కూర్చుని చూసేవాడు.

ఎండాకాలం వచ్చింది. బీరయ్య మళ్లీ కత్తెర వేశాడు. ఉన్ని తీశాక గుర్తు కోసం ఒక్కొక్క గొర్రె నడుము మీదా జాజుతో వేలెడు గీత గీయడం మొదలుపెట్టాడు. జాజంటే, మన అమ్మలు గోడలకి పూసే ఎర్రమన్ను. సగం మందకి గీసేసరికి పొద్దు వాలింది. తడి జాజు కుండని చిన్నదొడ్డి గోడ పక్కనే పెట్టి, మబ్బితో సహా మిగతావి రేపనుకున్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం మబ్బి మందకి దూరంగా, ఒక్కతే మేస్తోంది. నలుగురిలో మేస్తే నోళ్లు లెక్కపెడతారని దాని భయం. అక్కడ బండ నీడన పడుకుని ఉన్నాడు తోకరాయుడు అనే నక్క. పుచ్చతోటల కాలం కదా, నెల్లాళ్లుగా కాయల మీద కాయలు లాగించి ఉన్నాడు. పొట్ట రెండు మడతలు పడి నేలని తాకుతోంది.

"దండాలక్కా!"

"దూరంగా ఉండి మాట్లాడు. కాటుకని పిలుస్తా." కాటుక అంటే బీరయ్య నల్లకుక్క.

"పిలు అక్కా, పిలు. జొన్నకర్రలాంటి వాణ్ణి, నేను నిన్నేం చేయగలను? ఇంతకీ ఇందాక నేను ఎండలో పడుకున్నానా, ఉన్నట్టుండి చల్లబడింది. పొద్దుకి అడ్డంగా ఏం వచ్చిందా అని కళ్లు తెరిస్తే, నువ్వు!"

మబ్బి తల వంచుకుంది. "అంత కనిపిస్తున్నానా?"

"నాకు అబద్ధం చేతకాదు. సరే, ఒళ్లన్నాక తలా ఒక తీరు. అది కాదు నా బాధ." తోకరాయుడు గొంతు తగ్గించాడు. "మొన్నటి గాలివానకి మీ పిల్లలదొడ్డి ఎడమరాయి మొదలు కదిలిందక్కా. పొద్దున ఆ దారినే వస్తూ చూశా. సన్నవాళ్లు పోతే ఏమీ కాదు. నీలాంటి పుష్టి గలవాళ్లు ఒరుసుకుంటే... లోపలున్నది పసికూనలు. ఆ రాయి ఎవరి మీద పడుతుందో ఏమో!"

మబ్బి దొడ్డి వైపు తిరిగింది. "మరి నా పిల్లాడి పాలు?"

"నన్నడుగుతావేం? నేనెవర్ని? గోడ వెనక తూముందిగా. మీవాడు చిక్కుడుకాయంత. నువ్వు అటు నిలబడి పిలిస్తే పాక్కుంటూ వస్తాడు, తాగి మళ్లీ దూరిపోతాడు. నాకెందుకులే, నేను అవతలి గుట్టకి చుట్టాలింటికి పోవాలి." ఆయాసపడుతూ లేచి, రొప్పుతూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు మీరంటారు, నక్క మాట నమ్మేంత వెర్రిదా అని. కాదమ్మా. నక్క మంచివాడని మబ్బి ఒక్క క్షణం కూడా అనుకోలేదు. కానీ ఏడాదిగా తనని తాను తిట్టుకుంటున్న మాటే ఎదుటివాడి నోట వినపడింది. అందుకని, అన్నవాడెవడని చూడలేదు. దొంగ మన భాషలో మాట్లాడితే తలుపు మనమే తీస్తాం.

పొద్దు గుట్ట మీదికి వాలింది. మంద తిరిగొచ్చింది. బీరయ్య తడిక తీసి, నీళ్ల కుండ భుజానికెత్తుకుని చెలమకి పోయాడు. కాటుక ఆయన వెనకే. తల్లులన్నీ రాళ్ల మధ్యనుంచి బిలబిలా లోపలికి పోయాయి. మబ్బి పోలేదు. గోడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి, తూము దగ్గర మూతి పెట్టింది.

"చిక్కుడూ! ఇటు రా, నాన్నా. ఇటునుంచి."

"తూములోంచా అమ్మా?"

"అవును, పాక్కుంటూ రా."

పది అడుగుల దూరంలో తంగేడు పొద వెనక తోకరాయుడి నోట్లో నీళ్లూరుతున్నాయి. చిక్కుడు తల దూర్చాడు. ఒక కాలు పెట్టాడు. రెండో కాలు...

టంగ్ మని గంట మోగింది.

మంద ముందు నడిచే ముసలి మేక గంటమ్మ. వెనకకాళ్ల మీద లేచి గోడమీది తుమ్మాకు లాక్కుంటూ ఉంది. కిందికి చూసింది. గంటమ్మకి దేవుడు కొమ్ములిచ్చింది ఇందుకేనేమో, ఒక్క దూకులో వచ్చి, కొమ్ములు దించి, తూముకి అడ్డంగా నిలబడింది.

"వెనక్కి పోరా బుడ్డోడా! పో, ముందు లోపలికి పో! ఏమే మబ్బీ, మతి పోయిందా? పిల్లాణ్ణి అడివి వైపుకి పిలుస్తావా?"

"అరవకు పెద్దమ్మా. నేను ఆ రాళ్ల మధ్య పట్టను. నేను దూరితే రాయి పడుతుంది, పిల్లలు చస్తారు."

"ఈ తెలివి ఎవరిచ్చారు నీకు?"

"ఎవరూ... తోకరాయుడన్నాడు. కానీ వాడిక్కడ లేడు, చుట్టాలింటికి పోయాడు."

"పోయాడే పోయాడు, చుట్టాలింటికే పోయాడు. ఆ చుట్టం పేరు చిక్కుడు!"

మబ్బి నోరు తెరిచి పొద వైపు చూసింది. పొద సన్నగా కదిలింది, గాలి లేకుండానే. చిక్కుడు మరో మూడడుగులు పాకి ఉంటే!

"చంపేసేదాన్ని పెద్దమ్మా. నా నోటితో పిలిచి నా పిల్లాణ్ణి చంపేసేదాన్ని."

"ఏడవడానికి రేపుంది. ఇప్పుడు పద, రాళ్ల మధ్యనుంచి లోపలికి పోయి పాలివ్వు."

మబ్బి రాళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. చూశారా, నక్క మోసం తెలిసింది, అయినా కాలు కదల్లేదు. "వాడు దొంగే, ఒప్పుకున్నా. కానీ నేను లావన్నది మాత్రం నిజమే కదా" అంది.

గంటమ్మ గడ్డం ఊపింది. "నీ ఎముకలు నాకిక్కడికి కనపడుతున్నాయి. చెబితే నమ్మవు. పెద్దమ్మకి ప్రేమ, అందుకే అలా అంటోందంటావు. మంద మాట వినబోకు, వాళ్లకి వెటకారం. నక్క మాట వద్దు, వాడికి ఆకలి. నీ కళ్ల మాటా వద్దు, వాటికి భయం పట్టింది. రాయికి నీ మీద ప్రేమ లేదు, పగ లేదు, ఆకలి లేదు. రాయినడుగుదాం."

అంటూనే గంటమ్మ జాజు కుండలో గడ్డం ముంచింది. ఆ గడ్డంతోనే ఎడమరాయికీ కుడిరాయికీ లోపలి వైపున ఎత్తు పొడుగునా ఎర్రగా పూసింది. భుజంతో ఎడమరాయిని నాలుగు గుద్దులు గుద్దింది కూడా. రాయి కదల్లేదు. "ఇదిగో. పట్టకపోతే నీ రెండు పక్కలా ఎర్ర చారలు పడతాయి. పక్కకి తిరక్కు. కడుపు బిగబట్టకు. తిన్నగా నడువు."

మబ్బి కళ్లు మూసుకోబోయింది. లోపల్నుంచి "అమ్మా, ఆకలి" అని వినపడింది.

మబ్బి కళ్లు తెరిచింది. మల్లన్నా, నువ్విచ్చిన ఒళ్లు ఎంతో ఇవాళ చూసుకుంటాను, ఎంతైనా సరే, ఈ రాళ్లకి అవతల నా పిల్లాడున్నాడు అనుకుంది. అడుగేసింది. నాలుగడుగుల్లో అవతలికి చేరింది.

"చూడు పెద్దమ్మా, చూడు! ఎంత అంటింది?"

"ఒక్క చుక్క లేదు."

"జాజు ఆరిపోయుంటుంది."

"అయితే మూతి పెట్టి చూడు."

మబ్బి రాయికి మూతి పెట్టింది. మూతంతా ఎర్రగా అయింది. మళ్లీ ఇవతలికి వచ్చింది, మళ్లీ అవతలికి పోయింది. ఒక్క చుక్క లేదు. మూడోసారి చిక్కుడు పరిగెత్తుకొచ్చి తల్లి పక్కన నడిచాడు. తల్లీ పిల్లా ఆ రెండు రాళ్ల మధ్య పక్కపక్కన పట్టారు! పిల్లాడి చెవికి మాత్రం కాస్త ఎరుపంటింది, అది వాడు ఎగరడం వల్ల.

మబ్బి ఆ రాళ్లని చూసింది. "ఏడాదంతా తినకుండా ఉన్నానే" అంది. "నేను మాడి, వీణ్ణి మాడ్చానే. ఉన్ని బీరయ్య ఇంట్లో గొంగడైపోయిందే, నేనింకా దాన్ని మోస్తున్నానే."

చిక్కుడికి ఉన్న పాలన్నీ ఇచ్చింది. ఇచ్చాక వాణ్ణి తల్లుల మధ్యకి తోసి, తల పైకెత్తింది. ఆ చూపు గంటమ్మ ఎప్పుడూ చూడలేదు.

"పెద్దమ్మా, ఇవాళ పోయినవాడు రేపు ఇంకో తల్లి దగ్గరికి వస్తాడు. ఇంకేదో మాట చెప్తాడు. నేను వదల్ను. వాడు జొన్నకర్రలా ఉంటానన్నాడు మధ్యాహ్నం. అప్పుడు నా గొడవలో పడి సరిగ్గా చూడలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది. వాడి పొట్ట నేలని ఊడుస్తోంది!"

గంటమ్మ పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. "అంటే వాడికీ నీ జబ్బే, తిరగేసి!"

"నీ గడ్డానికి ఇంకా జాజుందా?"

"కుండలో బోలెడుంది."

గంటమ్మ తూము నోటి చుట్టూ లోపలి నుంచి జాజు దట్టంగా పూసింది. మబ్బి తూము దగ్గర మూతి పెట్టి పిలిచింది. "తమ్ముడూ తోకరాయుడూ, ఉన్నావా?"

మబ్బి గాలి వాసన పట్టింది.

"ఉన్నావులే. పుచ్చకాయ వాసన వస్తోంది."

పొద కదిలింది. "అక్కా! చుట్టాలు ఇంట్లో లేరు. తిరిగొచ్చేశా."

"మంచిదైంది. పిల్లాడు తూము ఇరుకంటున్నాడు, భయపడుతున్నాడు. నువ్వొక్కసారి దూరి చూపిస్తే ధైర్యం వస్తుందేమో అనుకున్నా. వద్దులే, నీకూ పట్టదు. ఈమధ్య కాస్త ఒళ్లు చేశావు."

"ఎవరు, నేనా?" తోకరాయుడికి మీసాలు లేచాయి. "కుందేలు బొరియలో దూరి వచ్చినవాణ్ణక్కా నేను!"

"ఎప్పుడు?"

"ఆ... చిన్నప్పుడు. అయితేనేం? ఆ నడుము ఈ నడుమే! జరుగు, జరుగు." గంటమ్మ తిట్లు విన్నా వాడు ఆగలేదు; లోపల ఒకటి కాదు, ఇరవై కూనలున్నాయన్నది వాడి లెక్క.

తల పట్టింది. భుజాలు పట్టాయి. "చూశావా!" అన్నాడు తోకరాయుడు. ఆ తర్వాత పొట్ట వచ్చింది. పొట్ట వచ్చి ఆగింది. ముందుకి తన్నుకున్నాడు, రాలేదు. వెనక్కి లాక్కున్నాడు, పోలేదు.

"అక్కా! తూము బిగుసుకుంటోంది!"

"తూము రాయి తమ్ముడూ. రాళ్లు ఒళ్లు చేయవు."

గంటమ్మ మెడ విదిలించి మూడుసార్లు గంట మోగించింది. అలా మోగితే ఆపదని కాటుకకి తెలుసు. చెలమ దగ్గర్నుంచి బాణంలా వచ్చింది, గోడ వెనక్కి తిరిగింది, వేలాడుతున్న తోకని చూసింది. సగం తోక ఒక్క పట్టున పట్టింది.

"అక్కో! వెనక కుక్కక్కో!"

"ముందు నేనున్నానుగా." మబ్బి నాలుగడుగులు వెనక్కి వేసింది. తల వంచింది. ఏడాదిగా పక్కకి తిరిగి నడిచిన ఒళ్లు, ఇప్పుడు సూటిగా, బరువంతా నుదుటి మీద పెట్టి వచ్చింది. "ఇది నా చిక్కుడికి!"

ఢీకొన్న దెబ్బకి తోకరాయుడు సీసాలోంచి బిరడా ఊడినట్టు ఊడి, కాటుక మీదుగా దొర్లి, తోకలో సగం అక్కడే వదిలేసి, గుట్ట దిగి పారిపోయాడు. బీరయ్య పరిగెత్తుకొచ్చేసరికి కాటుక నోట్లో బొచ్చు, గంటమ్మకి ఎర్రగడ్డం. పాపం, ఆయనకి ఎప్పటికీ అర్థం కాలేదు.

మర్నాడు అవతలి గుట్ట మీద నక్కలన్నీ తోకరాయుడి చుట్టూ చేరాయి. వాడి రెండు పక్కలా, పొట్ట మీద సరిగ్గా, రెండు దట్టమైన ఎర్ర చారలు. నాకితే పోలేదు, దొర్లితే పోలేదు.

"ఏం మామా, జాజు పెట్టించుకున్నావు? ఎవరి మందలో చేరావు?" అందొక నక్క.

"బీరయ్య గీత సన్నగా ఉంటుందే, నీకు ఇంత మందాన గీశాడేం? ఎక్కువ ఉన్ని ఇస్తావనా?" అందింకొకటి.

"నోర్ముయ్యండి! నా తప్పేం లేదు. ఆ తూము కిందటేడాదికి ఇప్పటికి చిన్నదైపోయింది!" అన్నాడు తోకరాయుడు. అప్పట్నుంచి నల్లగుట్ట తూములు చిన్నవైపోయాయనే చెప్పుకుంటూ తిరిగాడు. పుచ్చకాయ మాత్రం మానలేదు.

ఇటు మబ్బి సంగతి. ఒక్క పూటలో అంతా మారిందని నేననను. దేవుడి ముందు అబద్ధం ఎందుకు? ఆ మర్నాడూ, ఆ పై వారమూ, రాళ్ల దగ్గరికి రాగానే దాని కాళ్లు పాత అలవాటుగా పక్కకి తిరగబోయేవి. అప్పుడు ఆగేది. రాళ్ల మీద ఆరిన జాజు వైపు ఒకసారి చూసేది. కాళ్లని తిన్నగా పెట్టుకుని, తల ఎత్తుకుని, నడిమధ్యనుంచి నడిచిపోయేది. ఎవరైనా "బండమ్మా" అంటే, "అవును, నక్కని ఢీకొట్టిన బండని" అనేది. నాలుగో నోటి గడ్డికి తల తిప్పుకోవడం మానేసింది. నెల తిరిగేసరికి, ఒక సాయంత్రం చిక్కుడు తాగీ తాగీ పొదుగు వదిలి, మూతినిండా నురగతో తల్లిని చూశాడు.

"ఇంకా కావాలా, నాన్నా?" అంది మబ్బి.

"చాలమ్మా" అన్నాడు వాడు, పుట్టాక మొదటిసారి.

నాయనలారా, తల్లులారా, లేచే ముందు ఈ ఒక్క ముక్క కొంగున కట్టుకుపోండి: నీ ఒళ్లెంతో వెక్కిరించే నోటినీ అడక్కు, భయపడే కంటినీ అడక్కు, మురిసే మనసునీ అడక్కు, రాయినడుగు.